మూడో రీలు

శనివారం రాత్రంతా ఎక్స్ఛేంజిలో
తీగలు పీకి, తీగలు గుచ్చి,
"బెజవాడ లైన్లో ఉంది, మాట్లాడండి" అని
ఎవరెవరి గొంతులో కలిపి,
ఆదివారం పొద్దున ఇంటికి పోకుండా
రాంకోఠిలో ఆ మేడ మెట్లెక్కేదాన్ని.

కింద మందుల దుకాణం. పైన ఇరవై మడత కుర్చీలు,
గోడకి మేకులు కొట్టి బిగించిన దుప్పటి.
గఫూర్ సాబ్ ప్రొజెక్టర్‌ని ముందు బతిమాలి
తర్వాత తిట్టేవాడు.

అన్నీ పాత ఇంగ్లీషు బొమ్మలు.
అన్నిట్లోనూ ఒకటే పేట, లండన్‌లో సోహో.
వాన పడ్డ రాళ్ళ బాట. నేలమాళిగలో బాకా.
అద్దె ఎగ్గొట్టే చిత్రకారుడు.
అద్దె అడగడానికొచ్చి
బొమ్మకి కూర్చుండిపోయే ఇంటామె.
కాఫీ హోటల్లో ఒక పిల్ల,
కప్పులు తుడుస్తూ తలెత్తితే
మూల బల్ల దగ్గర కవులు మాట మరిచిపోయేవాళ్ళు.

నాకు సగమే అర్థమయ్యేది.
నాది ట్రంకు కాల్ ఇంగ్లీషు:
నంబర్ ప్లీజ్, మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?
ఆ పేటలో ఎవరికీ
మూడు నిమిషాలు అయ్యేవి కావు.

రెండో రీలు దాకా ఓర్చుకునేదాన్ని.
మూడోది ఎక్కించే చీకట్లో
కళ్ళు వాటంతటవే మూతపడేవి.
లేచేసరికి దుప్పటి మీద
ఎవరో ఎవర్నో క్షమించేస్తూ ఉండేవారు.
నా భుజాల మీద శాలువా ఉండేది,
టర్పెంటైన్ వాసనేస్తూ.

విఠోబాది అది.
సినిమా హాళ్ళకి కటౌట్లు గీసేవాడు.
హీరో మీసమే ఆరడుగులు.
గోళ్ళ సందుల్లో ఎప్పుడూ గులాబీ రంగు,
హీరోయిన్లందరి బుగ్గలకీ ఒకటే డబ్బా.

తర్వాత ఇరానీ హోటల్లో
నలుగురికి రెండు చాయ్, నాలుగు సాసర్లు.
"మూడో రీల్లో ఏమైంది?" అనడిగేదాన్ని.
విఠోబా ఉస్మానియా బిస్కెట్టు ముంచి
అది మెత్తబడి విరిగి పడేదాకా ఆలోచించి
అప్పుడు చెప్పేవాడు.
"కాఫీ పిల్ల గల్లాపెట్టె ఎత్తుకపోయింది.
పోలీసోడు ఎంటబడ్డడు. పొగమంచు.
ఉరికి ఉరికి చిత్రకారుని గదిల జొచ్చింది.
ఆడు మీదంగ రంగు పూసి గోడ మీది బొమ్మ జేసిండు.
పోలీసోడు జూసి, బొమ్మ మంచిగున్నదని ఎల్లిపోయిండు."

ఇంకో వారం కత్తిపోటు. ఇంకో వారం నిప్పు.
ఒకసారి ఏనుగు కూడా వచ్చింది, సర్కస్ నుంచి తప్పించుకుని.
ఆ రోజు వామన్ దేశ్‌పాండేకి చాయ్ పొలమారి
చాలాసేపు దగ్గాడు.
ఎందుకో నేను అడగలేదు.

ఒక్కసారి మాత్రం విఠోబా
రెండో రీలు గురించి మాట్లాడాడు.
"ఆ చందమామ జింక్ వైటు. ఆరకముందే ఏలాడదీసిండ్రు.
ఆ పేటంత చెక్కలతోని కొట్టిందే.
ఏదో షెడ్డుల ఉంటది."
అతను నిజం చెప్పిన ఆ ఒక్కసారే
నేను నమ్మలేదు.

వామన్ ఏప్రిల్లోనూ మఫ్లర్ చుట్టుకునేవాడు.
హోటల్ బాకీ పద్దులో మా నలుగురికీ కలిపి
ఒకటే పేరు, సినిమావాలే.
గఫూర్ సాబ్ "యే సోహో కిధర్ హై?" అంటే
సుల్తాన్ బజార్ దాటాక
ఎడమకి తిరగాలనిపించేది.

ఇప్పుడు నిద్ర రాదు.
రాత్రి రెండింటికి ఫోన్లో దొరికింది
ఆ గల్లాపెట్టె సినిమా.
గీతలన్నీ తుడిచి, కడిగిన గ్లాసులా.
చందమామ అంచున
రంగు కారిన చార కూడా కనిపించింది.

మూడో రీలొచ్చింది.
గల్లాపెట్టె లేదు. పోలీసు లేడు.
హోటల్ మూసే వేళ.
కాఫీ పిల్ల చివరి బల్ల తుడుస్తూ, తుడుస్తూ,
దాని మీదే తల వాల్చి నిద్రపోయింది.
అంతే.
ఆ నిద్రని కెమెరా
కదలకుండా చూస్తూ ఉండిపోయింది.
చిత్రకారుడు కోటు విప్పి ఆమెకి కప్పి
బయటికెళ్ళి వానలో నిలబడ్డాడు.

వెనక్కి జరిపి మళ్ళీ చూశాను.
ఏనుగు కోసం కూడా చూశాను.

అడుగుదామంటే గఫూర్ సాబ్ లేడు.
ఆ రీలు, ఆ ఒక్క రీలే కాదు,
ఏ ఆదివారం ఏ మూడో రీలూ
విఠోబా కూడా చూళ్ళేదని
నాకిప్పుడు అనుమానం.