తుమ్మపుల్ల

చీమకుర్తి క్వారీలో తెల్లారేది వెలుతురుతో కాదు,
కంప్రెషర్ దగ్గుతో.
రెండొందల అడుగుల లోతున
నల్లరాతిలో చుక్కలు ఇంకా మెరవకముందే
కాశింపీరా కొక్కేన్ని కిందికి దించమంటాడు,
ఛాతీ ఎత్తుకి. అంతకంటే పైకీ వద్దు, కిందికీ వద్దు.
గొడ్డును కొనేవాడు పళ్లు చూసినట్టు చూస్తాడు.

ముందు మెడ.
రెండు చేతులా పట్టి తిప్పి
లోపల బేరింగు గోలీల చప్పుడు వింటాడు.
"తిరగాల ఇది. తీగతాడు మెలి
రాయి దాకా పోకూడదు.
గాల్లో రాయి గిర్రున తిరిగిందంటే
ఎటు పరిగెత్తాలో నీ కాళ్లక్కూడా తెలవదు."

తర్వాత ఒడి. స్లింగు కూర్చునే వంపు.
నూనెగుడ్డతో తుడిచి
గోటితో గీరుతాడు, వెంట్రుకంత పగులు కోసం.
"బరువంతా ఈ ఒళ్లోనే కూర్చోవాల అబ్బయా.
ముక్కు మీద నిలబెట్టావా,
కింద ఎవుడున్నాడో వాడి పేరు అడిగి పెట్టుకో."

నాలుకని బొటనవేలితో నొక్కి వదుల్తాడు.
టక్కుమనాలి.
"ఇది పిడికెడు బరువు మొయ్యదు.
తాడు సడలినప్పుడు స్లింగు బయటికి తొంగి చూసుద్ది,
అప్పుడు అడ్డం నిలబడుద్ది. అంతే దీని ఉద్యోగం."
నిరుడు స్ప్రింగు పోతే ఎవరో
నాలుకని బైండింగు వైరుతో వెనక్కి కట్టేశారు.
ఆ వైరు ముక్క ఇంకా ఆయన టిఫిన్ క్యారేజీ పిడికి చుట్టే ఉంది.
ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆఖరికి తలగుడ్డలోంచి తీస్తాడు తుమ్మపుల్ల.
కొక్కెం కొత్తగా దిగిన రోజు
దాని నోటి వెడల్పుకి కోసుకున్నది.
కంపెనీ కొలబద్ద ఆఫీసు బీరువాలో ఉంది.
తాళంచెవి మేనేజరు దగ్గర.
మేనేజరు ఒంగోల్లో.

ఆరేళ్లు, రోజూ, పుల్ల ఆ నోట్లో బిగుసుకుంది.
మార్గశిరం మంచులో ఒక మంగళారం
జారి నా కాలి మీద పడింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.
"పుల్ల ఎండి కుంచించుకుందేమో" అన్నాను.
"ఎండినాకే కోశాను" అన్నాడు.

పైన ట్రెయిలరు రొప్పుతోంది.
కృష్ణపట్నం ఓడ ఎక్కాల్సిన ఇరవై టన్నుల దిమ్మ
చైన్లు కట్టుకుని సిద్ధంగా ఉంది.
మేస్త్రీ తిరుపాలు పరిగెత్తుకొచ్చాడు.
"అరవేలు కూడా లేదు గదయ్యా తేడా!
ఈ ఒక్క దిమ్మ. రేపు కొత్తది తెప్పిస్తా, మా అమ్మతోడు."

కాశింపీరా తలగుడ్డ విప్పి
కొక్కెం ముక్కుకి కట్టాడు. ఎర్రగుడ్డ.
పైన మాలకొండయ్య ఇంజనాపి
తాళం జేబులో వేసుకున్నాడు.

"పోత ఇనుము చెప్పకుండా విరుగుద్ది తిరుపాలూ.
ఇది సాగగొట్టిన ఉక్కు.
చచ్చేముందు నోరు తెరుసుద్ది.
ఇన్నేళ్లు మన రాళ్లు మోసి
ఇయ్యాల ఒక్క మాట చెప్పింది.
ఇనపడలేదందామా?"

ఆ పూట కూలి పోయింది.
సగంమంది ఆయన్ని తిట్టారు. నేనూ తిట్టాను,
నా బండి కిస్తీ పదో తారీకు.
ఆయన మాత్రం గ్యాసు కటింగు మోషేని పిలిపించి
కొక్కేన్ని వీపు దగ్గర రెండుగా కోయించాడు.
"ఊరికే పారేస్తే ఎవుడో ఒకడు మళ్లీ తగిలిస్తాడు.
చచ్చిందని చూడంగానే తెలవాల."

కొత్తది శుక్రవారం దిగింది,
పసుపురంగు, ఒంటి మీద ఒక్క గీత లేకుండా.
కత్తి నా చేతికిచ్చాడు.
గట్టు మీది తుమ్మకొమ్మ విరవబోతే అరిచాడు:
"పచ్చిది కాదురా!
ఎండేకొద్దీ అబద్ధమాడుద్ది."

రాతిపొడిలో వంగి వెతికాను.
దొరికిన ఎండుపుల్లని పెట్టి చూశాను, పొడుగు.
రవ్వంత చెక్కాను.
ఇంకో రవ్వ.
ట్రెయిలరు హారను కొట్టింది.
కాశింపీరా నా చేతులకేసి చూస్తున్నాడు,
నేను తలెత్తలేదు.