తారీఖు లేని జాతర

ముషీరాబాద్ అడితిల ఆదివారం రంపాలు పండుకుంటయి.
గప్పుడు తీస్తం లెక్కలు, నేనూ సాలార్ భాయీ.
అంచు ఊడిన ప్లైవుడ్ ముక్క మీద
చెవి సందుల పెన్సిలు తీసి మూడు పేర్లు రాసిన.
చెక్క పడవల పండుగలు మూడు,
గల్లపెట్టెల పైసలు ఒక్కదానికే.

నవ్వకుండ్రి.
ముప్పై రెండేండ్లు తలుపులు చేసిన మనిషిని.
తలుపు సందుల గాలి దూరితే
ఇంటాయన ఇంత గుడ్డ కుక్కి ఊకుంటడు.
పడవ సందు సంగతి అట్ల కాదు,
నీళ్ళు చెప్పకుండ తనిఖీకొస్తయి.
ఆ తనిఖీల పాసైన చెక్కను
ఒక్కపారి అరచేతితోని ముట్టి చూడాలె.

మొదటిది ఆరన్ముల.
శబరి ఎక్కితే మర్నాడు చెంగన్నూర్‌ల దిగుడు.
ఆకాశం దిక్కు లేచిన వెనుక కొన,
పాటకు తెడ్డు, తెడ్డుకు పాట.
"పాట ఉంటది కదా, నాకు గదే చాలు"
అన్నడు సాలార్ భాయి.
రెండు కండ్లకూ మోతిబిందు.
ఒకప్పుడు హుస్సేన్ సాగర్‌ల కిరాయి పడవ నడిపినోడు,
ఫైబర్ బోట్లు దిగినంక
తెడ్డు కట్టెను బిడ్డ పెండ్లి టెంటుకు గుంజ చేసినోడు.
కానీ గా దినాలల్లనే మాకు వినాయకులు.
ఇరవై ఒక్క అడుగుల దేవుడు నిలబడే గద్దెకు
కింద చెక్క కొట్టేది నేనే.
గల్లీ పోరలు నన్ను ఊరు దాటనిస్తరా?
పైగా అది దేవుని పడవ,
దూరం నుంచే దండం పెట్టాలెనంట.
పేరు మీద గీత కొట్టిన. పెన్సిలు ముల్లు ఇరిగింది.

రెండోది కటక్. ఫలక్‌నుమా ఎక్కుడే ఆలస్యం.
కార్తీక పున్నం, మహానది ఒడ్డు,
అరటి దొప్పతోని, బెండుతోని జానెడు పడవలు,
పొద్దు పొడవక ముందే దీపం పెట్టి వదుల్తరు.
మా భ్రమరాంబ ఓటు దీనికే.
"వెండి తీగె పనికి పేరున్న ఊరు,
నీకు పడవలు, నాకు కమ్మలు."
లెక్క మంచిదే.
"దీపం నాకు కనబడది, బెండు చప్పుడు చెయ్యది"
అన్నడు భాయి, తప్పు చేసినోని లెక్క.
ఆమె ఏమీ అనలే.
చాయ గ్లాసులు ఎత్తుకపోయింది, జర గట్టిగనే.

మూడోదాన్ని పండుగ అనొచ్చో అనొద్దో.
కోరంగి దిక్కు ఏదో పాయ ఒడ్డున
కొత్త నావను నీళ్ళల్లకు దించే దినం.
మా దగ్గర కట్టె కొనే మేస్త్రి పోలయ్య చెప్పిండు:
టికెట్టు లేదు, గ్యాలరీ లేదు, కప్పు లేదు.
సందులల్ల దూది, గుగ్గిలం, నూనె,
కింద వరసగ దుంగలు, ముందట మోకు.
చూడనీకె వచ్చినోన్ని గూడ పట్టుమంటరు,
పట్టినోనికి అన్నం, చేపల పులుసు.
"ఎప్పుడు?" అన్న.
"పోటొచ్చినప్పుడు."
"ఏ నెల?"
"కట్టె ఒప్పుకున్నప్పుడు."

ఇగ గౌతమికి రిజర్వేషన్ ఎట్ల చేయించేది?

సాలార్ భాయి లేచి తడుముకుంట పోయి
టేకు దుంగ మీద కూసున్నడు.
నడుము ముందుకు, నడుము ఎనుకకు,
లేని తెడ్డును రెండు చేతుల గుంజిండు.
దుంగ కదల్లే.
మడిమెల కింద రంపపు పొట్టు మాత్రం
రెండు పాయలుగ చీలింది.
"మోకు పట్టనీకె కండ్లెందుకయ్యా, చారీ?"

లెక్క తేలింది.
నావ ఇంక తేలలే.

ఆ ప్లైవుడ్ ముక్కను మా పనిపిల్లగాడు
ఊగే బల్ల కాలు కింద దోపిండు,
ఆరన్ముల, కటక్ నేల దిక్కు బోర్లపడి ఉన్నయి.
మేస్త్రి ఫోను రాలే.
గోడ మేకుకు సంచి వేలాడుతున్నది.
అందుల రెండు లుంగీలు, ఒక బాడిశ,
భాయి కండ్లల్ల ఏసుకునే చుక్కల మందు.
నిన్న చెయ్యి పెడితే మెత్తగ తగిలింది,
ఎప్పుడు పెట్టిందో,
నాలుగు మడతల నేత చీర.