ఆముదం

ఫర్వానియాలో మా అంగడి పేరు అరబ్బీలో ఉంటుంది,
నాకు చదవడం రాదు.
అంకెలు మాత్రం వచ్చు.
రేట్ల చీటీలు అంటించేది నేనే.

ఎడమ గూట్లో తిన్నని జుట్టుకు నూనెలు,
రెండు దీనార్లు, రెండుంబావు.
కుడి గూట్లో ఆఫ్రికా ఆడోళ్ళకని తెప్పించినవి.
అదే కంపెనీ, అదే మూత,
సీసా ఇంకా రెండు వేళ్ళు పొట్టి.
పద్నాలుగు ముప్పావు.
దాని మీద ఒకామె నవ్వుతుంటుంది,
జడ ఎక్కడ మొదలైందో గానీ
బొమ్మ దాటి సీసా వెనక్కి పోయింది.

ఒకనాడు మూత ఊడిన సీసా తుడుస్తా
వాసన చూసినాను.
మా అవ్వ, ఎనుముల కొట్టం పక్కన,
మూడు రాళ్ళ పొయ్యి మీద
వేయించి దంచిన గింజలు కుతకుత ఉడికించి
పైకి తేలిందాన్ని గరిటెతో దేవి
బిడ్డ కడుపుకు, బండి ఇరుసుకు, నా నెత్తికి
ఒకే ముంతలోంచి పోసిన
ఆముదం.
పైన ఇంత కొబ్బరి వాసన పూసి
ఓడెక్కించి తెచ్చినారు.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని
అవ్వ ఎవరినో ఎత్తిపొడిచేది.
ఇక్కడ నిజంగానే ఏ చెట్టూ లేదు,
రోడ్డు పక్క ఖర్జూరాలు కూడా లారీల్లో దిగినవే.

ఇసాతు నెలకొక శుక్రవారం వస్తుంది.
సియెర్రా లియోన్ పిల్ల, జీతం నూటపది.
మామా ఇంట్లో పొద్దున ఐదు నుంచి రాత్రి పన్నెండు దాకా
నెత్తికి బిగుతు టోపీ.
అన్నంలో వెంట్రుక పడకూడదంట.
టోపీ అంచు ఎంతవరకో అంతవరకూ
జుట్టు వెనక్కి జరిగింది,
ఎండల్లో వంక నీళ్ళు జరిగినట్టు.

మొదటి నెల కొనింది. చెప్పలేకపోయినాను,
నెత్తిమీద కెమెరా, గల్లాపెట్టె దగ్గర ఫవాజ్.
రెండో నెలా కొనింది,
నోట్ల మడతలు నిమిరి, చిల్లర మూడుసార్లు లెక్కబెట్టి.
నా మొహం చూసి "ఏమైంది సిస్టర్?" అనింది.
ఆముదం తాగిన మొహం అంటారే, అదే.
దాన్ని ఇంగ్లీషులో ఎట్ల చెప్పాలో తెలీలేదు.

రాజంపేట పోయొచ్చిన గంగులమ్మ
పాత చీర పేలికలో చుట్టి, టేపు మీద టేపేసి
ఒక ఊరగాయ సీసా తెచ్చిచ్చింది.
రెండొందల రూపాయలు. ఇయ్యబోతే వద్దనింది.
మూడో నెల, ఫవాజ్ నమాజుకు పోయినప్పుడు
అంగడి వెనక మెట్ల మీద
ఇసాతు చేతిలో పెట్టినాను.

తిప్పి చూసింది. బొమ్మ లేదు, పేరు లేదు.
"ఇంత చవకదైతే పని చేస్తుందా?"
ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.
చురుక్కుమనింది నాకు.
ఆ నమ్మకం అంటించింది ఈ వేళ్ళే గదా, చీటీకొకటి.

తర్వాత మూత తీసి వాసన చూసింది,
కళ్ళు మూసుకోని, చాలాసేపు.
వాళ్ళ నాయనమ్మ కూడా ఇట్లే నల్లగా కాచేదంట.
గింజ వేరే. పొగ అదే.

టోపీ తియ్యమన్నాను. చుట్టూ చూసి తీసింది.
పాయలు విడదీస్తుంటే నా వేళ్ళకు కొత్త.
నా జుట్టు జారిపోతుంది, ఇది పట్టుకుంటుంది.
"నీకేం సిస్టర్, పొడుగు జుట్టు" అనింది.
కొప్పు విప్పి చూపించినాను,
ఈ ఊరి నీళ్ళకు రాలి రాలి ఎలకతోక.
మా ఊర్లో రాలిన వెంట్రుకలు ఉండచుట్టి చూర్లో దోపేవాళ్ళం,
సైకిలాయన వచ్చి స్టీలు గ్లాసు ఇచ్చేవాడు.
"గ్లాసా!" పడి పడి నవ్వింది, నేనూ నవ్వినాను.
"మరి ఆ వెంట్రుకలు ఏడికి పోతాయి?"
మా అంగట్లో పై గూడు చెప్పినాను,
కట్టలు కట్టిన జుట్టు, కట్ట నలభై దీనార్లు.
కాసేపు ఇద్దరమూ ఏం మాట్లాడలేదు.

ఇది పూస్తే మొలుస్తుందో లేదో నాకు తెలీదు.
మా అవ్వ కూడా పోయేనాటికి బోడినెత్తే.

నాలుగింటికల్లా మామా ఇంట్లో ఉండాలంట.
సీసా సంచిలో పెట్టుకోని
టోపీ చేత్తో పట్టుకోని నడిచింది,
నెత్తిమీద జిడ్డు ఎండకు మెరుస్తా,
వీధి మలుపు దాకా.
మలుపు దగ్గర పెట్టుకునింది.