సంబంధం లేని కీవర్డు

హాప్సలులో ఫిబ్రవరి. సముద్రం గడ్డకట్టింది.
వంటింటి బల్ల మీద లాప్‌టాప్, చల్లారిన కాఫీ,
పదకొండు వేల నాలుగు వందల ఫొటోలు.
దేన్ని ఎవరికి పంపానో నాకే గుర్తు లేదు.

ఒకే పడవను ఒకే ఏజెన్సీకి మూడుసార్లు పంపితే
మూడోసారి మర్యాదగా రాశారు:
"ఇది మా దగ్గర ఉంది."
సిగ్గేసింది. ఆ రాత్రే మొదలుపెట్టాను.

ఒక్కో ఫొటోకి రెండు రకాల మాటలు.
లోకానికి చెప్పేవి:
మంచు, రేవు, పడవ, ఒంటరితనం.
(ఒంటరితనానికి గిరాకీ ఉంది. రేవుకి లేదు.)
నాకు నేను చెప్పుకునేవి, ముందు చిన్న గీతతో:
_పంపాలి
_పంపాను
_తీసుకున్నారు
_వద్దన్నారు, గరుకుగా ఉందట
_వద్దన్నారు, ఎందుకో చెప్పలేదు.
పంపేముందు గీత ఉన్నవన్నీ తీసేయాలి,
ఇంట్లో తొడుక్కునే చెప్పులు గుమ్మంలోనే విడిచినట్టు.

మా చెల్లి ఉర్వె చేతులు
నలభై ఒక్కసార్లు అమ్ముడయ్యాయి.
రై పిండి పిసుకుతున్న చేతులు,
బొటనవేలి మీద పాత కత్తిగాటు.
దానికి ముప్పై ఎనిమిదేళ్లు. నేను రాసింది:
అవ్వ, సంప్రదాయం, ప్రేమ.
ఆ డబ్బుతో బాయిలర్ బాగుచేయించాను.
సంతకం కాగితం ఉంది, ఎందుకు లేదు,
మోచేత్తో అదిమిపట్టి, చదవకుండానే పెట్టింది,
పెన్ను మీద ఇప్పటికీ పిండి మరక.
ఎన్నిసార్లు అమ్ముడైందో మాత్రం,
_ఉర్వెకి చెప్పలేదు.

మొన్న అదే వరసలో ఇంకో ఫొటో పంపుతూ
గీత మాట తీయడం మర్చిపోయాను.
ఏ ఊళ్లోనో, ఏ బల్ల ముందో, ముక్కూమొహం తెలియని ఒకరు
చెల్లి చేతుల్నీ నా గుట్టునీ కలిపి చదివి
వెనక్కి పంపారు:
"సంబంధం లేని కీవర్డు ఉంది."

ఏదో చెప్పలేదు.
గీత మాటా?
అవ్వా?

నా లైబ్రరీలో ఆ గీత మాటనే వెతికాను.
ఇరవై ఆరు వచ్చాయి.
అన్నీ చేతులు కావు.
ఒకదాంట్లో అది బస్టాపులో ఏడుస్తోంది,
వెనక నుంచి తీశాను, మొహం కనబడదు కనక
సంతకం అక్కర్లేదనుకున్నాను.

ఇరవై ఆరూ అచ్చువేసి, కవర్లో పెట్టి
తోపుడు స్లెడ్జి మీద దాని ఇంటికి వెళ్లాను.
ఒక్కొక్కటే దీపం కింద పెట్టి చూసింది. తిట్టలేదు.
బస్టాపు ఫొటో మాత్రం మడిచి యాప్రాన్ జేబులో వేసుకుంది.
చేతుల ఫొటో నా వైపు తోసి,
"అవ్వ తీసెయ్. రాసుకో," అంది,
"ఉర్వె. ఎడమచేతి వాటం. ఉప్పు ఎక్కువేస్తుంది."

అలా ఎవరూ వెతకరే, అన్నాను.

"వెతక్కపోతే మానె,"
అని పిండిలోకి తిరిగింది.