అతుకుపని

నా మిషను పొట్ట పదహారు అంగుళాలు.
అందులో పట్టేవి కీచైన్లు, గుమ్మానికి పేరుబిళ్ళలు,
రిటైరైన మేష్టార్లకిచ్చే షీల్డులు.
నరసాపురం రేవుకి పోయే దారిలో
ఐసు ఫ్యాక్టరీ పక్కన
కొట్టు కూడా ఇంచుమించు అంతే.

కొల్లాటి పెంటయ్య గారు రిక్షా బండి మీద
ఏడడుగుల పనసచెక్క దింపించారు.
"గోదారి గియ్యాలమ్మాయ్.
ధవళేశ్వరం కాణ్ణుంచి అంతర్వేది దాకా.
వశిష్ఠ ఒక్కటీ చాలు. పంటు కేబిన్లో పెడతాను."
చెక్క కేసి చూశారు, మిషను కేసి చూశారు.
"ఇందులో దూరుద్దా?"

దూరదు.
ముందు తలుపూ వెనక తలుపూ విప్పేస్తే
ఇటునుంచి అటు పోతుంది, అంతే,
లాకుల్లో పడవ పోయినట్టు
ఆగి, ఆగి.
ఆరు ముక్కలు. అయిదు అతుకులు.
అంగుళానికో కిలోమీటరు.

ఆ రాత్రి కంప్యూటర్లో
అయిదు నిలువు గీతలు లాగి
ఏటిని బ్రెడ్డులా కోసేశాను.
పక్కింటి ఏస్తేరమ్మ నా భుజం మీంచి చూసింది.
లేసు కంపెనీకి అతుకుపని చేసే మనిషి.
ఏ ఊళ్ళో ఎవరల్లారో తెలియని పువ్వుల్ని
దుప్పటి చేసే వేళ్ళు.
"తిన్నగా కొయ్యకే పిల్లా.
తిన్నగా కోస్తే కన్ను తిన్నగా అక్కడికే పోద్ది.
దారం ఎక్కడ వంపు తిరిగిందో చూసుకో.
పువ్వు ఎనకాల దాచాలి అతుకు."

గీతలు చెరిపేశాను.
లంకల అంచులు పట్టుకుని కోశాను,
ఇసకమేటల నీడల్లోంచి,
సిద్ధాంతం వంతెన స్తంభాల కిందనుంచి,
కొబ్బరితోటల చిక్కటి నలుపులోంచి.
చెక్క మీద కాగితం టేపు,
టేపు మీద పెన్సిలు ప్లస్సులు.
ఎర్రచుక్క వచ్చి వాటి నడిమధ్యన వాలితేనే
బటన్ నొక్కడం.

ముక్కకి నలభై నిమిషాలు.
కాలుతున్న పనసకి తొనల వాసన రాదు,
ఎవరో పక్క వీధిలో బెల్లం మాడబెట్టినట్టుంటుంది.
మొదటి అతుకు కలిసింది.
రెండోది నేనే వెతుక్కోవాల్సొచ్చింది.
మూడోదీ అంతే.

అయిదో ముక్కకి చుక్క సరిచూసి
టేపు పీకేశానో లేదో
కరెంటు పోయింది.
తిరిగొచ్చేసరికి మిషను తల
తన ఇల్లు మరిచిపోయింది.
కంటి అంచనాతో నిలబెట్టాను.

అర మిల్లీమీటరు.
చించినాడకి కాస్త పైన, పేరు రాయని లంక దగ్గర
ఒడ్డు తెగి పక్కకి జరిగింది.
లెక్కేస్తే ఇరవై మీటర్లు.
జిగురులో రంపప్పొట్టు కలిపి
పూడ్చి మళ్ళీ కాలుద్దామని
గిన్నె దగ్గర పెట్టుకున్నాను.

పెంటయ్య గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
చెక్కకి ముక్కు ఆనించినంత వంగి
ఏటి వెంట వేలు దింపుకుంటూ వచ్చారు.
నాలుగో అతుకు దగ్గర వేలు ఆగింది.
"తప్పు నాదేనండి. రేటు తగ్గించి..."
"ఉండమ్మా.
ఎనభయ్యారు వరదకి మా మావయ్యవి
తొమ్మిది చెట్లు పోయినాయి ఇక్కడే.
నువ్వు తక్కువ జరిపావు."

గిన్నె బల్ల కిందకి తోశాను.

వేలు మళ్ళీ కదిలింది, నరసాపురం దాకా.
అక్కడ ముఖం మారింది.
"అన్నీ గీశావు గానీ నా పంటేదీ?"

చెక్కని మళ్ళీ లోపలికి జరిపాం,
ఆయనో కొస, నేనో కొస పట్టుకుని.
నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య, నీళ్ళమీద
బియ్యపుగింజంత పంటు.
పదకొండు సెకన్లు.
అది మాత్రం
ముక్కలు చెయ్యకుండానే పట్టింది.