ఏడో ప్రశ్న కింద రెండు గీతలు

ఏడో ప్రశ్న నేనే రాశాను.
"చదివిన కోర్సు మీ పనికి ఎంతవరకు అక్కరకొచ్చింది?
ఒకటి నుంచి ఐదులో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టండి."
కింద, వివరించండి అని
రెండు గీతలు.
మూడో గీత గీస్తే రెండో పేజీకి పోతుంది,
జిరాక్సు ఖర్చు రెట్టింపు అన్నారు ఆఫీసులో.
సరే అన్నాను.

కావలిలో మా ఆక్వాకల్చర్ డిగ్రీ
పదకొండేళ్లలో బయటికి పంపిన వాళ్లకి
సాయంత్రాలు కూచుని ఫోన్లు చేశాను.
సగం నంబర్లు వాళ్ల నాన్నలవి.
"మావాడా? అల్లూరు గుంటల కాడ రాత్రి డ్యూటీ అమ్మా,
ఇప్పుడే పడుకున్నాడు. లేపమంటారా?"
వద్దన్నాను.

తిరిగొచ్చినవి అరవై మూడు.
ఎక్కువమంది నాలుగు చుట్టారు.
నా మొహం చూసి చుట్టిన నాలుగు,
పెళ్లిలో పప్పు బాగుందన్నట్టు.

మస్తాన్‌బీ ఒకటి చుట్టింది.
గీతలు చాలక అంచుల వెంబడి తిరిగి
కాగితం తలకిందులు చేసి మరీ రాసింది:

"మేడం, రొయ్యకి ఎన్ని కాళ్లో మీరు చెప్పింది ఇప్పటికీ గుర్తే.
ఫార్మలిన్ సీసాలో తెల్లగా పాలిపోయిన రొయ్యని చూపించారు.
అది చచ్చి ఎన్నేళ్లయిందో మీకూ తెలీదు గదా.
ఇస్కపల్లిలో నా మొదటి వారం, రాత్రి మూడింటికి
కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగినాయి.
రొయ్యలన్నీ పైకి తేలి గట్టుకేసి చూస్తా ఉండాయి.
టార్చి కొడితే ఎర్రటి కళ్లు, గుంట నిండా కళ్లే.
జనరేటర్ ముందు ఏ గుంటకి కలపాలో
ఏ సెమిస్టర్లో చెప్పినారు మేడం?
కాపలా పోలయ్య, సంతకం కూడా రాదు ఆయనకి,
పక్కకి జరగమ్మా అన్నాడు.
జరిగినా.
అంతే మేడం. మీ మీద కోపం లేదు."

ఆ ఏడు మెడల్ ఆ పిల్లదే.
స్టాఫ్‌రూమ్ గోడ మీద ఇంకా నవ్వుతోంది.

సరాసరి కట్టాను, మూడు పాయింట్ ఎనిమిది.
"బాగానే ఉందిగా" అంది కమిటీ.
సరాసరి అడుగున మస్తాన్‌బీ
గాలి అందని రొయ్యలా చప్పుడు లేకుండా మునిగిపోతోంది.
అంకెల ఫైలు మూసి
ఆ ఒక్క కాగితం చదివాను, అంచులతో సహా.
చాలాసేపు ఫ్యాను ఒకటే తిరిగింది.
"అయితే రాత్రి మూడింటికి క్లాసు పెడదామా ఏంది?"
ప్రిన్సిపాల్ గారు నవ్వారు.
మినిట్స్‌లో ఆ మాటే రాయమన్నాను.

ఏడాదిన్నర పట్టింది.
నెల్లూరు బస్సు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు.
పోలయ్యకి గౌరవ వేతనం ఫారంలో
విద్యార్హత అనే గడి ఖాళీగా వదిలితే
ఫైలు రెండుసార్లు వెనక్కొచ్చింది.
మూడోసారి "ఇరవై రెండు వర్షాకాలాలు" అని రాశాను.
ఎవరు చదివారో, చదవకుండానే సంతకం పెట్టారో!

ఇవాళ ఇస్కపల్లి గట్టు మీద మంచు.
పంతొమ్మిది మంది పిల్లలు, మఫ్లర్లు, ఆవలింతలు.
పోలయ్య స్విచ్చి కట్టేశాడు.
"ఈ నిశ్శబ్దం గుర్తుపెట్టుకోండి అబ్బయ్యా,
నిద్దర్లో వినపడినా ఉలిక్కిపడి లేవాల."
నీటి మీద ఒకటీ అరా కళ్లు వెలుగుతున్నాయి.
నేను ఇంకాస్త వంగి చూడబోయాను,
చెప్పు బురదలో దిగబడింది.

"పక్కకి జరగండి మేడం" అన్నాడు.

జరిగాను.