ఐదు రోజుల చీటీ

షాహీన రాసిచ్చిన చీటీ
ఫ్రిజ్ మీద అంటించినా, కరెంటు బిల్లు పక్కన.
నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు.
ఎండ వద్దు. పొయ్యి వద్దు. చెమట వద్దు.
గిల్లొద్దు.
దాని కింద మాత్రం రెండు గీతలు.

"పొయ్యి వద్దంటే ఎట్లా పాపా,
చిన్నచౌకులో గుంతపొంగణాల బండి నాది" అన్నా.
ఆ పిల్ల నా ముఖం చూసి
వచ్చే నవ్వు ఆపుకుంది.
నవ్వనీ. పదో తరగతిలోనే పెట్టినారు ఆ పేరు,
మొటిమలు పోయి గుంతలు మిగిలిన ఏడు:
పెనం రెడ్డెమ్మ.
తర్వాత ఆ పెనమే కూడు పెట్టింది,
అది వేరే సంగతి.

మత్తు క్రీము పూసి ముప్పావు గంట కూర్చోబెట్టినారు.
ఆ మీదట పెన్ను మాదిరి మిషను,
కొసన కంటికి ఆనని సూదులు.
నొప్పి లేదని చెప్పను.
నుదుటి మీద నడిచినప్పుడు
ఎముక మీద ఎవరో ఇసుక రాస్తున్నట్టుండె.
ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే
ఎర్రకారం పూసిన దోసె.
"రెండు వేల ఎనిమిదొందలు పోసి తెచ్చుకునింది ఇదేనా?"
అన్నాడు వీరనాగులు.
ఆయనకు చెప్పింది అంత.
ఇచ్చింది మూడున్నర వేలు.

గోరువెచ్చని నీళ్ళతోనే కడగాలంట.
మే నెల కడపలో అవి యాడ దొరుకుతాయో
చీటీలో లేదు.
మిద్దె మీది ట్యాంకులోంచి మధ్యాన్నం వచ్చే నీళ్ళలో
టీ పొడి వేస్తే చాలు.
చెంబుకు పట్టి, తడిగుడ్డ చుట్టి, నీడన పెట్టి
గోరువెచ్చదాకా చల్లార్చుకున్నా.

పక్కింటి చాంద్‌బీ పసుపు గిన్నెతో వచ్చింది.
"వద్దని రాసుండాదక్కా."
"పసుపు కూడానా?
ఆ డాక్టరమ్మ ఎప్పుడూ వంటింట్లోకి పోలేదా ఏం?"
గిన్నె అట్లే పెట్టి పోయింది.
ఆ రాత్రి దాన్ని మా ఆయన పప్పులో వేసినాడు,
మొత్తం.

దిండు గలీబులు రెండే.
ఒకటి ఆరేలోపల ఒకటి.
రెండో రోజు మూడు గంటలకు కరెంటు పోయింది.
చెమట చీటీ చదవదు కదా.
గోనెపట్ట తడిపి కిటికీకి కట్టి
విసనకర్ర పట్టుకుని కూర్చున్నా.
ఊరికే కూర్చోవడమంటే ఏందో
పద్నాలుగేళ్ళకు తెలిసింది.
కాలు మీద కాలు వేసుకుంటే
అది ఇంకెవరిదో కాలు అనిపించింది.

మూడో రోజు తోలు లేచింది,
ఉల్లిపొర మాదిరి, దవడ పక్కన.
వేలు పోతాది.
తీసేస్తా. మళ్ళీ పోతాది.
చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నా,
తప్పు చేసి దొరికిన బడిపిల్ల మాదిరి.
పదహారేళ్ళప్పుడు
పరీక్ష పుస్తకం ముందేసుకుని
ఒక చేత్తో చదువుతా ఒక చేత్తో గిల్లుకుంటా,
ఎవరూ చీటీ రాసిచ్చినోళ్ళు లేరు.
"ముఖం మీంచి చెయ్యి తియ్యి" అని అరిచినోళ్ళు ఉండారు గానీ
ఎందుకో చెప్పినోళ్ళు లేరు.
ఈ గుంతల్లో సగం మొటిమలవి.
సగం నా గోళ్ళవి.
ఇది షాహీనకు చెప్పలేదు.
రెండు గీతలు కొట్టిందంటే తెలిసే ఉంటుంది.

ఇంకా మూడు సార్లు పోవాలంట, నెలకొకటి.
పూర్తిగా పోవమ్మా, తగ్గుతాయి అనిరి.
తగ్గితే చాలు.

ఆరో రోజు తెల్లారుజామున
రెండు వేళ్ళ పొడుగునా ఎండ క్రీము పిండుకుని
చెవుల దాకా పూసుకుని బండికాడికి పోయినా.
ఆటో మౌలాలి వచ్చి, "ఏమక్కా, ఊరికి పోయింటివా?
అన్న చేసిన చెట్నీ తిని నోరు చెడిపోయింది" అన్నాడు.
ముఖం వైపు చూడనేలేదు.
ప్లేటు వైపే చూసినాడు.

మూత తీస్తే పెద్ద పెనం మాడబెట్టినాడు మొగుడు.
ఏడు గుంతల్లో నల్లటి అట్ట.
పొంగణాలు తిప్పే ఇనప పుల్ల తీసుకుని
మొదటి గుంతలో పెట్టి
ఆగిపోయినా.
నీళ్ళు పోసి పక్కన పెట్టినా.
నాననీ. రేపటికి అదే ఊడుతాది.
చిన్న పెనం పొయ్యి మీదికెక్కించి
ఒక్కో గుంతకు ఒక్కో చుక్క నూనె వదిలినా,
ముఖం కొంచెం వెనక్కి పెట్టి.